దూది పండే నేలలో ఫోమ్ ముక్కలు

తెలుగు సాహిత్య లైవ్‌లలో ఎక్కువసార్లు వినపడే వాక్యం ఏ కవిదీ కాదు. "హలో, నా మాట వినపడుతోందా?" అన్నది. దాని తర్వాతి స్థానం "సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు" అన్నదానిది. మూడోది అంతా అయిపోయాక కామెంట్లలో వస్తుంది: "ఆడియో కాస్త ఇబ్బంది పెట్టినా ప్రసంగం అద్భుతం." నా గొడవంతా ఈ మూడోదాని మీదే. సగం వినపడని ప్రసంగం అద్భుతమని ఈయనకెలా తెలిసింది? వక్త పెద్దమనిషి కాబట్టి అద్భుతం. అంటే మనం వినడానికి రాలేదు, హాజరు వేయించుకోడానికి వచ్చాం.

2020 లాక్‌డౌన్‌లో సభలన్నీ జూమ్‌లోకి మారినప్పుడు ఎవర్నీ ఏమీ అనే పని లేకపోయింది. ఉన్నదాంతో సర్దుకున్నారు. ఆ తర్వాత ఇన్నేళ్ళు గడిచాయి. ఈలోగా మనవాళ్ళు ఏమేం కొన్నారో చూడండి. మంచి వెబ్‌క్యామ్ కొన్నారు. మొహం మీద నీడ పడకుండా రింగ్ లైటు కొన్నారు. వెనకాల పుస్తకాల అలమర వెన్నులు కనపడేలా సర్దారు. వారం ముందు నుంచీ వాట్సాప్‌లో తిరిగే బ్యానర్ డిజైన్‌కి డబ్బులిచ్చారు. మాట మాత్రం ఇప్పటికీ లాప్‌టాప్ అంచున గుండుసూది బెజ్జమంత మైకులోకే పోతోంది. అది నోటికి రెండడుగుల దూరంలో ఉంటుంది. పైన ఫ్యాను. పక్కన కూలరు.

"మేం సాహిత్యం వాళ్ళం బాబూ, టెక్నీషియన్లం కాదు" అంటారు. సరే. పుస్తకం అచ్చేసేటప్పుడు మీరు ప్రెస్సు కార్మికులా? కాదుగా. అయినా ఒక ఒత్తు ఎగిరిపోతే డీటీపీ వాడి ప్రాణం తీస్తారు. మూడో ప్రూఫు, నాలుగో ప్రూఫు చూస్తారు. ముఖచిత్రంలో రంగు ఒక పిసరు తేడా వస్తే వారం రోజులు అలుగుతారు. అదే మనిషి గంటన్నర ప్రసంగంలో ప్రతి పదో వాక్యం గాల్లో కలిసిపోతున్నా "టెక్నికల్ ప్రాబ్లం" అని నవ్వి ఊరుకుంటాడు. అచ్చుతప్పుకి ఉన్న పరువు వినికిడి తప్పుకి లేదు.

అలాగని శ్రద్ధ పెట్టి కొనేవాళ్ళు సరిగ్గా కొంటున్నారా అంటే, అక్కడే అసలు తమాషా.

గుంటూరు బ్రాడీపేటలోనో ఒంగోలులోనో ఒక కుర్రాడు పుస్తకాల మీద లైవ్ మొదలుపెడదామనుకుంటాడు. యూట్యూబ్‌లో రివ్యూలు చూస్తాడు. చలిదేశపు గదిలో కూర్చున్న ఒకాయన, కింద తివాచీ, కిటికీలు మూసి, గోడలకి మెత్తటి పలకలు కొట్టి, కండెన్సర్ మైకు ముందు గొంతు తగ్గించి గుసగుసలాడతాడు. అబ్బ, ఏం గొంతు! కుర్రాడు అదే మైకు తెప్పించుకుంటాడు. బల్ల మీద పెట్టి, మొదటి లైవ్ మొదలుపెట్టగానే మొత్తం వీధి వచ్చి మైకులో కూర్చుంటుంది.

ఎందుకు కూర్చోదు? మన గదులు ఎలాంటివి? పైన ఆర్‌సీసీ స్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్, నాలుగు పక్కలా నున్నటి పెయింటు గోడలు, ఒక ఇనప బీరువా. చప్పట్లు కొట్టి చూడండి, గది తిరిగి కొడుతుంది. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా మిర్చి యార్డుకి పోయే లారీలు, ట్రాక్టర్లు. పొద్దున పాత ఇనప సామాన్లు కొంటామని ఆటోలో రికార్డు పెట్టుకుని తిరిగేవాడు. సాయంత్రం గుడి మైకు. వంటింట్లో మిక్సీ. ఇక మే నెలలో "లైవ్ జరిగినంతసేపూ ఫ్యాన్ ఆపేయండి" అని సలహా ఇచ్చేవాడు గుంటూరు ఎండ చూడనివాడై ఉండాలి. గంటన్నరసేపు ఆ గదిలో ఫ్యాన్ లేకుండా మాట్లాడితే సాహిత్యం కాదు, సెలైన్ ఎక్కించాల్సొస్తుంది.

కండెన్సర్ చెడ్డ మైకని కాదు. అది పల్చటి పొర మీద పనిచేసే సున్నితమైన వస్తువు, చిన్న చప్పుడునీ పట్టుకుంటుంది. పట్టుకోవడమే దాని గొప్ప. నిశ్శబ్దం ఉన్న గదిలో అది గొంతులోని తడిని కూడా వినిపిస్తుంది. కానీ నిశ్శబ్దం ఎవరి దగ్గరుంది? ఇక్కడ ఇది ఎలక్ట్రానిక్స్ విషయం కాకుండా పోతుంది. తలుపేసుకోగలిగిన గది, లోపల ఏసీ, తలుపు బయట "నాన్న లైవ్‌లో ఉన్నారు, చప్పుడు చేయకండి" అని కాపలా కాసే కుటుంబం - ఇవి ఉన్నవాడి మైకు అది. రెండు గదుల అద్దె వాటాలో, వంట పూర్తి చేసి, పిల్లాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, హాల్లో ఒక మూల కథ చదివే రచయిత్రికి అదే మైకు ఇస్తే, టీవీనీ కుక్కర్ విజిల్‌నీ ఆమె కథకంటే స్పష్టంగా వినిపిస్తుంది. కింద కామెంట్లలో "మేడమ్, బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ చూసుకోండి" అంటాడొకడు. వాడికి అది నాయిస్, ఆమెకి ఇల్లు. వచ్చే లైవ్‌కి ఆమె రాదు. ఎందుకు రాలేదో ఎవరూ అడగరు. స్త్రీల గొంతులు ఎందుకు తక్కువ వినపడుతున్నాయని మళ్ళీ మనమే ఒక ప్రత్యేక సంచిక వేసుకుంటాం.

ఆమెకి కావలసింది డైనమిక్ మైకు. మైక్ సెట్ వాళ్ళ దగ్గర చిన్నప్పటినుంచీ మనం చూసినదే, చేత్తో పట్టుకుని పెదవుల దగ్గర పెట్టుకునేది. చప్పుడును వడకట్టే మంత్రమేదో అందులో ఉందని కొందరు రాస్తారు, అదేం లేదు. దానికి సున్నితం తక్కువ. దగ్గరకొచ్చి మాట్లాడితే తప్ప పలకదు. మనల్ని దగ్గరికి రమ్మని బలవంతపెడుతుంది, అదే దాని ఉపకారం. లెక్క చాలా సులువు: మైకుకీ నోటికీ మధ్య దూరం సగానికి తగ్గితే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల నుంచి నాలుగంగుళాలకి తెస్తే 15 డెసిబెల్స్ పైగా లాభం. ఫ్యాను ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది, దాని చప్పుడు పెరగదు. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత నిజాయితీగా మాటనీ చప్పుడునీ విడదీయలేదు. నాలుగు వేళ్ళ దూరం. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు గానీ, మనవాళ్ళు వినరు కాబట్టి ఇంకా చెప్తాను.

ఇలాంటి మైకుల్లో చాలావాటికి వెనకపక్క చెవుడు ఉంటుంది. కార్డియాయిడ్ అంటారు, ముందు బాగా వింటుంది, సరిగ్గా వెనక నుంచి వచ్చేది చాలా తక్కువ వింటుంది. బల్ల మీద చిన్న స్టాండులో మొహం పైకెత్తి నిలబెట్టారనుకోండి, దాని ముందుభాగం తిన్నగా సీలింగ్ ఫ్యానుని చూస్తుంటుంది. పై నుంచి కిందికి, నోటి వైపు వంచి వేలాడదీస్తే వెనకభాగం ఫ్యాను వైపు తిరుగుతుంది. స్టైలు కోసం కొన్న బూమ్ ఆర్మ్‌కి మన గదుల్లో ఉన్న ఒకే ఒక్క సమర్థన ఇది. గాలి తగలకుండా మైకుకి స్పాంజి తొడుగు వేయండి. కూలరుంటే దాన్ని మైకు వీపు వైపుకి జరపండి. ఖర్చు సున్నా.

ఏది కొనాలి అని అడుగుతారు. యూఎస్‌బీ తీగతో నేరుగా కంప్యూటర్‌కి తగిలించుకునే డైనమిక్ మైకులున్నాయి - శామ్‌సన్ క్యూ2యూ, ఆడియో టెక్నికా ఏటీఆర్ 2100ఎక్స్ లాంటివి. వీటికి ఎక్స్‌ఎల్‌ఆర్ కన్నం కూడా ఉంటుంది, రేపు మిక్సర్ కొన్నా పనికొస్తాయి. ష్యూర్ ఎస్ఎం58 అనేది 1966లో వచ్చింది, ఇప్పటికీ అదే. కింద పడేసినా పలుకుతుంది. దానికి మాత్రం ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ అదనంగా కావాలి. డబ్బులు అంత లేవంటే బోయా లాంటి తీగ ఉన్న కాలర్ మైకు చాలు. చొక్కాకో, చీర అంచుకో, గడ్డానికి జానెడు కింద తగిలించుకోవాలి. అది నిజానికి కండెన్సర్ జాతిదే, అన్ని వైపులా వింటుంది. అయినా నోటికి దగ్గరుంది కాబట్టి నెగ్గుతుంది. కొనేముందు పిన్ను చూసుకోండి: ఫోన్ల కోసం చేసిన పిన్నుకి మూడు నల్ల గీతలుంటాయి, పాత డెస్క్‌టాప్ గులాబీ రంగు కన్నానికి రెండు గీతలదే కావాలి. ఇది తెలియక "మైకు పాడైపోయింది" అని తిప్పి పంపేవాళ్ళు బోలెడుమంది.

పెద్ద పాడ్‌కాస్టర్ల మొహం ముందు కనపడే ఆ నల్లటి లావాటి ష్యూర్ ఎస్ఎం7బీ సంగతి. మంచి మైకే. ముప్పై వేలు దాటుతుంది. దానికి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, చవక ఇంటర్‌ఫేస్ అంత ఇవ్వలేక గెయిన్ మొత్తం తిప్పేసరికి చుయ్ మంటుంది. ఆ చుయ్ పోవడానికి ఇంకో పెట్టె కొంటారు. కథల పుస్తకం మీద అరగంట మాట్లాడటానికి ఇదంతా దేనికి? ఫోటోలో బాగుంటుందని. అంతే.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్. తీగ లేదు కాబట్టి నాగరికం అనుకుంటారు. పాట వినేటప్పుడు బాగానే ఉంటుంది. మైకు వాడటం మొదలుపెట్టగానే వాటిలో చాలావరకు ఫోన్ కాల్ పద్ధతికి దిగిపోతాయి. కొన్నిటిలో 4 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం ఏదీ పోదు. కాస్త మెరుగైనవాటిలో 8 దాకా పోతుంది. 'స' అనే అక్షరం బతికేదే ఆ పైన. దాని రాపిడంతా 4 కిలోహెర్ట్జ్ అవతల ఎక్కువ. అది కోసేస్తే స, ఫ ఒకటే. శ, స మధ్య గీత చెరిగిపోతుంది. ఈ కాలపు పిల్లలకి శ, ష, స తేడా తెలియడం లేదని గంటసేపు బాధపడే పండితులుంటారే, వాళ్ళు చెవుల్లో బ్లూటూత్ పెట్టుకుని ఆ గంటా మాట్లాడతారు. వారు ఎంత శుద్ధంగా పలికినా మనకి చేరేది ఒకే ఒక్క ఊపిరి చప్పుడు. పిల్లల్ని ఏమనాలి?

ఇంతకీ మన భాషకి ఈ విషయంలో ఎక్కువ పట్టింపు ఉండాలి, ఎందుకో చెప్తాను. తెలుగులో మాట అచ్చుతో ముగుస్తుంది. ఆ చివరి అచ్చులోనే సగం అర్థం ఉంటుంది. వస్తాడు అంటే ఒకటి. వస్తాడా అంటే ప్రశ్న. వస్తాడో అంటే అనుమానం. వాక్యం చివర గొంతు సహజంగా తగ్గుతుంది. సరిగ్గా అక్కడే ఓబీఎస్‌లో నాయిస్ గేట్ ఎక్కువ బిగించినవాడి కత్తెర పడుతుంది. తగ్గిన గొంతుని అది చప్పుడనుకుని తలుపు మూసేస్తుంది. ప్రశ్న కాస్తా ప్రకటన అవుతుంది. ఇంకోటి, ఒత్తులు. గడికీ గడ్డికీ, అటుకీ అట్టుకీ మధ్య తేడా ఏమిటి? నాలుక ఆగి ఉండే ఆ రవ్వంత నిశ్శబ్దం. ఖాళీ గదిలో ప్రతిధ్వని ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేస్తుంది. దీర్ఘాలు సాగుతాయి, హ్రస్వాలు కూడా సాగుతాయి. ముందు మాట తోక తర్వాతి మాట తల మీద పడుతుంది. విన్నవాడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. కవిత్వాన్ని సందర్భాన్ని బట్టి పూరించుకోవడమంటే తానే ఇంకో నాసి కవిత రాసుకోవడం.

అందుకని మైకు కంటే ముందు గది. ఇక్కడ మన ఘనకార్యం చూడండి. ఆన్‌లైన్‌లో అంగుళం మందం నల్ల ఫోమ్ పలకలు, గుడ్ల ట్రేల్లా ఎత్తుపల్లాలతో ఉండేవి, ప్యాకెట్ తెప్పించుకుని గోడకి చతురస్రాలుగా అంటిస్తారు. అవి పైస్థాయి శబ్దాన్ని మాత్రమే కాస్త మింగుతాయి, గొంతులో బరువున్న భాగం ఎప్పట్లాగే గోడల మధ్య తిరుగుతూ ఉంటుంది. గది చూడ్డానికి స్టూడియోలా ఉంటుంది, వినడానికి డబ్బాలా ఉంటుంది. చుట్టూ ఎటు చూసినా పత్తి చేలు. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు పక్కల జిన్నింగు మిల్లులు. దూదిని మించిన శబ్దభక్షకి చవకలో ఇంకోటి లేదు. ఆ నేలలో కూర్చుని మనం ఫోమ్ ముక్కలు తెప్పించుకుంటున్నాం!

ఇంట్లో పాత దూది పరుపు ఉంటుంది. దాన్ని మీకు ఎదురుగా ఉన్న గోడకి నిలబెట్టండి. మీ మాట తిన్నగా పోయి తగిలేది ఆ గోడకే. ఇంకొకటి ఉంటే మీ వెనక. కెమెరాలో బాగోదంటే మీద ఒక దుప్పటి కప్పండి, మంగళగిరి దుప్పటైతే బ్యాక్‌గ్రౌండ్ కూడా కుదురుతుంది. కింద టైల్స్ మీద బొంత పరవండి. కిటికీకి పల్చటి కర్టెన్ కాకుండా రెండు మడతల బొంత వేలాడదీయండి. (గోనె సంచులు కూడా పనికొస్తాయి గానీ, యార్డు నుంచి ఖాళీ మిర్చి టిక్కీ సంచులు మాత్రం తేవద్దు. మొదటి వాక్యానికే తుమ్ములు. ఇది హాస్యం కాదు.) ఇంత సులువైనది ఎందుకు చేయరంటే, పరుపు చూస్తే టెక్నాలజీలా అనిపించదు. బొంత కొన్నానని ఇన్‌స్టాలో పెట్టుకోలేం.

దూది దగ్గరే ఇంకో పెద్దమనిషిని తలుచుకోవాలి. షేక్ నాజర్, గుంటూరు దగ్గర పొన్నెకల్లు. బుర్రకథని ఊరూరా వేలమంది ముందు నిలబెట్టిన మనిషి. ప్రజానాట్యమండలి కాలం నుంచీ ఆ గొంతు ఈ మైదానమంతా తిరిగింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దూది ఏకే కులం పేరే పుస్తకానికి పెట్టుకున్నాడు. ఆయన భుజాన తంబూరా, వేళ్ళకి అందెలు, పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు కొడుతూ. ఈ బృందాన్ని ఇవాళ ఒక ఇంటి కంప్యూటర్ ముందు నిలబెట్టి జూమ్‌లో పెట్టామనుకుందాం. జరిగేది ఇది. తంబూరా మోత ఎడతెగకుండా ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి నాయిస్ సప్రెషన్ దాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని తుడిచేస్తుంది. గుమ్మెట మీద దెబ్బ పడగానే ఆటోమేటిక్ వాల్యూమ్ ఉలిక్కిపడి మొత్తం తగ్గించేస్తుంది, కథకుడి తర్వాతి మాట నూతిలోంచి వస్తుంది. అది కోలుకుని పైకొచ్చేసరికి మళ్ళీ దెబ్బ.  మిగిలేది బుర్రకథ కాదు, బుర్రకథ మీద కంపెనీ మీటింగు.

కంపెనీ మీటింగు కోసమే అది తయారైంది మరి. అందులో తప్పు లేదు. తప్పు దాన్నే మన పద్యానికీ పాటకీ యథాతథంగా వాడటంలో ఉంది. తెనాలి పద్యనాటకం నటుడు రాగం తీసి ఒక్క స్వరం మీద నిలబడితే, మనం ఒన్స్ మోర్ అనే చోట, సాఫ్ట్‌వేర్ 'ఇది మనిషి మాట కాదు' అని తీర్పిస్తుంది. హార్మోనియం శృతి సంగతి చెప్పక్కర్లేదు. జూమ్‌లోనే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఒక మీట ఉంది. అది వేసి, మైక్రోఫోన్ వాల్యూమ్‌ని తనంతట తాను మార్చే టిక్కు తీసేసి, చెవులకి తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, తొంభై పాళ్ళు బాగుపడుతుంది. తీగ ఇయర్‌ఫోన్ ఎందుకంటే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి పోకుండా. ఇది రెండు నిమిషాల పని. కళాకారుడికి తెలియకపోవచ్చు, నిర్వాహకుడికి తెలియకపోవడం నేరం.

నాదస్వరం ఉందనుకోండి, అది ఇంకో లెక్క. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా వాయించిన వాద్యం అది. వీధి మొత్తానికి వినపడటానికి పుట్టింది. దాన్ని నాలుగంగుళాల దూరంలో పెడితే మైకు బెంబేలెత్తిపోతుంది, శబ్దం పగులుతుంది. అయిదారడుగులు వెనక్కి జరిగి, గెయిన్ బాగా తగ్గించి, మీటర్ ఎర్రగీత ముట్టుకోకుండా చూసుకోవాలి. దగ్గరగా అన్నది మాటకి చెప్పిన సూత్రం, మంత్రం కాదు.

ఇదంతా మనకి కొత్త విద్యా అంటే, కాదు. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. కృష్ణ అవతల, ఇవతల, చేలల్లో, అరుగుల మీద, కాఫీ హోటళ్ళలో ఆ కేంద్రం వినని ఇల్లు లేదు. ఉషశ్రీ రామాయణం చెప్తుంటే చిన్న ట్రాన్సిస్టర్‌లో కూడా ప్రతి అక్షరం విడివిడిగా పడేది. అది ఆయన గొంతు మహత్తు ఒక్కటే కాదు. ప్రతిధ్వని లేని గది, నోటికి తగిన దూరంలో మైకు, గాజు అద్దం అవతల వింటూ కూర్చున్న ఒక మనిషి. ఆ మూడోవాడే ముఖ్యం. మన లైవ్‌లలో మాట్లాడేవాళ్ళు పదిమంది, చూసేవాళ్ళు నలభైమంది, 'వినపడుతోందా లేదా' అని వినడం కోసమే కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

రేడియో రోజులే బంగారమని పాట పాడటం లేదు. ఆ గాజు అద్దం లోపలికి ఎవరు వెళ్ళగలిగారు? ఆడిషన్ పాసైన గొంతు, ఒప్పుకున్న భాష, పరిచయాలు ఉన్నవాళ్ళు. ప్రకాశం యాసలో 'యాడికి' అన్నవాడికి నాటకంలో పాలేరు వేషం. ఇంటి కంప్యూటర్ ఆ గేటు బద్దలుకొట్టింది. ఇవాళ కందుకూరు నుంచో వినుకొండ నుంచో ఎవరి అనుమతీ లేకుండా తన యాసలో తన కథ తాను ప్రపంచానికి చదవొచ్చు. ఇంత పోరాడి తెరుచుకున్న గేటులోంచి వచ్చి, వినపడకుండా మాట్లాడి వెళ్ళిపోతున్నామే, అదీ నా ఏడుపు. మెరుగైన ఆడియో అన్నది ఉన్నవాళ్ళ సోకు అని నాతో వాదించేవాళ్ళకి ఇదే జవాబు. ఆడియో చెత్తగా ఉన్నా పేరున్నవాణ్ణి ఓపిగ్గా వింటారు. పేరులేనివాణ్ణి పదో సెకనులో వదిలేస్తారు. చెడ్డ శబ్దం భారం ఎప్పుడూ కొత్తవాడి మీదే పడుతుంది.

బొమ్మ లేకపోతే జనం చూడరంటారు. కిరణ్‌ప్రభ టాక్ షోలు చూడండి. తెర మీద కదిలే బొమ్మలేవీ ఉండవు, ఒక మనిషి గొంతు గంటసేపు చెప్పుకుపోతుంది, జనం ఎపిసోడ్ల తరబడి వింటారు. పత్తి ఏరుతూ, బస్సులో, రాత్రి లైటార్పేశాక వినేవాళ్ళు మన మొహాలు చూడరు. చూపు లేని పాఠకులు మనకున్నారన్న సంగతి మన బ్యానర్ డిజైనర్లకి ఎన్నడైనా తట్టిందా?

అన్నిటికన్నా తొందరపడాల్సింది పెద్దవాళ్ళ విషయంలో. ఎనభై దాటిన కథకుడిని, పాత ఉద్యమాల పాట గుర్తున్న ముసలమ్మని లైవ్‌లోకి తెస్తున్నారు, సంతోషం. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉండిపోతుంది. చాలామంది విషయంలో వాళ్ళ గొంతుకి మిగిలే రికార్డు అదొక్కటే. మనవడి ఫోన్ బల్ల మీద నిలబెట్టి, మూడడుగుల దూరంలో, ఫ్యాను కింద రికార్డు చేస్తే, ఏ ఏఐ వచ్చి శుభ్రం చేసినా పోయిన హల్లు తిరిగి రాదు. అది ఊహించి పెడుతుంది. అప్పుడది ఆమె మాట కాదు.

మనకి సంస్థలకి కొదవ లేదు. ప్రతి సంస్థా ఏడాదికి ఎన్ని శాలువాలు, ఎన్ని జ్ఞాపికలు కొంటుందో లెక్క వాళ్ళకే తెలుసు. ఆ ఖర్చులోంచి ఒక పెట్టె తయారుచేయండి: ఒక కాలర్ మైకు, ఒక యూఎస్‌బీ డైనమిక్ మైకు, చిన్న స్టాండు, తీగ ఇయర్‌ఫోన్, తెలుగులో రాసిన ఒక పేజీ సూచనలు. లైవ్‌కి నాలుగు రోజుల ముందు ఆ పెట్టె వక్త ఇంటికి ఆర్టీసీ కార్గోలో పోవాలి. అయ్యాక తర్వాతి వక్తకి. ముసలివాళ్ళ ఇంటికైతే ఊళ్ళో మైక్ సెట్ నడిపే కుర్రాడిని పంపండి, వాడికి రోజు కూలి ఇవ్వండి. కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభ కింద, జనరేటర్ హోరులో, మైకుని ఎటు తిప్పితే కూత పెట్టదో తెలిసినవాడు వాడు. మీ రివ్యూ ఛానెళ్ళకన్నా ఆ విద్య వాడికి బాగా వచ్చు. ఎకో పెంచకుండా చూసుకోండి, ఆ ఒక్క బలహీనత మాత్రం వాళ్ళందరికీ ఉంది.

ఇంకో రెండు ముక్కలు. మన ఇళ్ళలో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే సన్నగా జుమ్మని మొదలైతే అదే కారణం, గంటసేపు బ్యాటరీ మీద నడపండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకుంటే ఫ్యాను గుర్రుమంటుంది, అప్పుడు మాత్రం ఆపేయక తప్పదు. ఎలాగూ తడిసిపోయి ఉంటారు.

లైవ్‌కి ముందురోజు, అదే గదిలో, అదే టైముకి, ఒక్క నిమిషం మాట్లాడి రికార్డు చేయండి. దాన్ని ఖరీదైన హెడ్‌ఫోన్‌లో కాదు, ఇంట్లో అందరికన్నా చవక ఫోనున్న మనిషికి ఇచ్చి, ఫ్యాను కింద కూర్చుని వినమనండి. ఏం చెప్పారో తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే బ్యానర్ ఇంకా వాట్సాప్‌లో పెట్టకండి.